పసుపు కార్డుల పెట్టె

ఏడువందల ఏళ్ళ నాటి ఒక స్కాట్లాండ్ భూస్వామి కుటుంబాన్ని నేను అల్ఫారెట్టాలో, మా డైనింగ్ టేబుల్ మీద, రెండు వీకెండ్లలో నిర్వంశం చేశాను. అప్పటి యుద్ధాలకీ తెగుళ్ళకీ రాజుల కోపానికీ సాధ్యం కాని పని అది. నా ఉద్యోగం డేటాబేసులతో. ఒక్క రికార్డు కూడా పోకుండా చూసుకోవడానికే నాకు జీతమిస్తారు. ఇచ్చేవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి ఈ సంగతి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

ఆ భూస్వామి మాకేమీ చుట్టం కాదు. మా పక్కింటి పెద్దాయనకి చుట్టమా కాదా అన్నదే ఇందులో తేలవలసింది.

పెద్దాయన రిటైరైన ల్యాండ్ సర్వేయరు. మేము ఆ ఇంట్లోకి మారిన మొదటి వేసవిలో మా ఆవిడ పెరట్లో గోంగూర వేసింది. జార్జియా ఎర్రమట్టికీ గోంగూరకీ పూర్వజన్మ బంధమేదో ఉన్నట్టుంది, నెల తిరక్కుండానే పొదలు పొదలుగా పెరిగింది. ఒక శనివారం పొద్దున చూస్తే పెద్దాయన చేతిలో కొలత టేపు, ఇంకో చేతిలో నారింజరంగు జెండాలు పట్టుకుని మా పెరటి అంచున వంగి ఉన్నాడు.

“యంగ్ మ్యాన్, మీ మొక్కలు పద్నాలుగు అంగుళాలు నా దేశంలోకి వచ్చాయి. వాటికి వీసా ఉందా?” అన్నాడు.

ఆయనన్నది ఇంగ్లీషులో. ఆయన మాటలన్నీ ఇక్కడ నా తెలుగులోనే వస్తాయి, ఆయన అంత బాగా మాట్లాడేవాడు అనుకుని చదువుకోండి. నాకప్పటికి నలభై ఆరు. నన్ను యంగ్ మ్యాన్ అన్న మనిషి మీద కోపం తెచ్చుకునే వయసు దాటిపోయింది.

“పీకేస్తాను సర్,” అన్నాను.

“ఎందుకు? హద్దు ఎక్కడుందో తెలిస్తే చాలు. తెలిశాక దాటొచ్చు.” ఒక ఆకు తుంపి నోట్లో వేసుకుని మొహం చిట్లించి, ఇంకో ఆకు తుంపాడు.

మాటల్లో మా నాన్నగారి సంగతి వచ్చింది. ఆయన రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల పందిరి కింద కూర్చుని దస్తావేజులు రాసేవారు. ఏ కాగితం రాసినా చెక్కుబందీ ఉండాలి: తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన డొంక, పడమర పంట కాలువ, ఉత్తరాన ఫలానావారి దొడ్డి. ఇది చెప్పగానే పెద్దాయన టేపు చుట్టేసి, నా మోచెయ్యి పట్టుకుని వాళ్ళ గరాజ్‌లోకి తీసుకెళ్ళాడు. కార్లుండవలసిన చోట అల్మారాలు, వాటి నిండా కాగితాలు. గోడకి ఫ్రేము కట్టిన పటం ఒకటి. స్కాట్లాండ్‌లో ఒక వాగు పక్కన, అరచేతిలో పట్టేంత నేల. కింద ఆ భూస్వామి పేరు.

ఆ పేరు నేనిక్కడ రాయను. కారణం ఉంది, అది చివర్లో వస్తుంది.

ఆ భూములకి రాజు ఇచ్చిన పత్రం నకలు పెద్దాయనకి నోటికొచ్చు. గరాజ్ మధ్యలో నిలబడి చెప్పాడు. వాగులో రెండు పాయలు కలిసే చోటు నుంచి బూడిదరంగు రాయి దాకా, రాయి నుంచి పాత కందకం వెంట రేవు దాకా, రేవు నుంచి వాగు ఒడ్డునే మళ్ళీ మొదటికి. అడవులతో, మేతబీళ్ళతో, నీళ్ళతో, నీళ్ళలోని చేపలతో, అతనికీ అతని వారసులకీ. నేను ఆగలేక మా నాన్నగారి బాణీలో అందుకున్నాను. నిధి నిక్షేప జల పాషాణ సహితంగా, పుత్రపౌత్ర పారంపర్యంగా. పెద్దాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమన్నాడు.

అంత భూమికీ రాజుకి కట్టవలసిన కప్పం ఏడాదికి ఒక పౌను మిరియాలు. ఆ మిరియాలు మన వైపు నుంచి వెళ్ళినవే అయ్యుంటాయి సర్ అన్నాను. అయితే మీవాళ్ళు పంపితేనే మావాళ్ళు భూములు నిలబెట్టుకున్నారన్నమాట అన్నాడు. అప్పట్నుంచి మా ఆవిడ మిరియాల చారు పెట్టినప్పుడల్లా ఒక డబ్బా పక్కింటికి వెళ్ళేది. “కప్పం తెచ్చావా?” అని తలుపు తీసేవాడు.

ఆయన కోరిక చిన్నది. తన ఇంటిపేరూ ఆ భూస్వామి ఇంటిపేరూ ఒకటే. ఆ మనిషి దగ్గర్నుంచి తన దాకా, తన నుంచి రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేసే తన ఒక్కగానొక్క కూతురి దాకా, ఎక్కడా తెగని గీత ఒకటి కాగితం మీద గీసి కూతురి చేతిలో పెట్టాలి. ముప్పై ఏళ్ళ నుంచి దాని మీదే ఉన్నాడు. ఈ చివరా ఆ చివరా దొరికాయి, మధ్యలో ఒకచోట అతకడం లేదు. మేము పక్కింట్లో చేరిన రెండేళ్ళకి, దాని కోసం స్కాట్లాండ్ నుంచి మళ్ళీ కొన్ని నకళ్ళు తెప్పించుకున్నాడు. అవి వచ్చేసరికి చూపు మధ్యభాగం పోయింది. మనిషి అంచులు కనపడతాయి, మొహం కనపడదు. అక్షరమైతే అసలే కనపడదు.

ఆ నకళ్ళన్నీ చదివి కార్డుల మీదికి ఎక్కించింది ఆయన భార్య. మనిషికొక కార్డు. మగవాళ్ళకి తెల్లవి, ఆడవాళ్ళకి పసుపువి. పని పూర్తిచేసిన నెలలోనే ఆవిడ వంటింట్లో పడిపోయి, మళ్ళీ లేవలేదు. కార్డులు ఏడాదిపాటు అలాగే ఉండిపోయాయి. అప్పుడు నేను నోరు జారాను.

“ఎంత సర్, ఒక వీకెండ్ పని. కంప్యూటర్లో ఎక్కించేస్తే చెట్టు అదే గీస్తుంది.”

నా వృత్తిలో ఉన్నవాళ్ళు ఏ పనిని చూసినా ఇదే అంటారు. పెద్దాయన లేచి గరాజ్‌లోకి వెళ్ళాడు. తర్వాత పెట్టెలు తనే ఒక్కొక్కటీ తడుముకుంటూ మోసుకొచ్చి మా టేబుల్ మీద పెట్టాడు.

“ఈ పసుపువి ఏమిటి సర్?”

“ఆడవాళ్ళు. అది ఆవిడ పద్ధతి.”

నేను తలూపాను. ఆడవాళ్ళని తీసి వేరే పెట్టెలో పెట్టాను. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు, అదే నా బాధ. మా ఇంట్లో వంశవృక్షం అంటే మా పెదనాన్నగారు డ్రాయింగ్ షీటు మీద గీసి పెట్టిన పటమే. అందులో కొడుకులకి గీతలుంటాయి, కూతుళ్ళకి చుక్కలుంటాయి. ఆడపిల్ల పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, ఆవిడ పిల్లలు ఆ ఇంటి పటంలో వస్తారు. ఆ అలవాటు నాకు ఎంత లోపల ఉందంటే, అది అలవాటని కూడా నాకు తెలియదు.

మా ఆవిడ కాఫీ తెచ్చి పెడుతూ ఆ పెట్టె చూసింది. “అవి కూడా ఎక్కించండి. పాపం ఆవిడ కూర్చుని రాసింది.”

“తర్వాత ఎక్కిస్తా. ముందు మెయిన్ లైన్ అవనీ,” అని పెట్టెని టేబుల్ కిందికి తోశాను.

రెండో ఆదివారానికి తెల్ల కార్డులు అయిపోయాయి. భూస్వామికి ఒక కొడుకు. ఆ కొడుక్కి ఒక కొడుకు. వాడు పిల్లలు లేకుండా పోయాడు. అక్కడితో గీత ఆగింది. కాస్త కింద అదే ఇంటిపేరుతో ఇంకో వరస మొదలై పెద్దాయన దాకా చక్కగా వచ్చింది, కానీ పైదానికీ దీనికీ సంబంధం లేదు. ఒకే ఇంటిపేరున్న వేరే కుటుంబం, మనలో అలాంటివాళ్ళు లేరూ అనుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్ళ వరండాలో కూర్చుని చెప్పాను. వెలుగు ఇంకా ఉంది. ఆయన నా మొహం ఉండవలసిన చోటుకి కాస్త పక్కగా చూస్తున్నాడు, నా అంచులు కనపడటం కోసం.

“మనవడితో ఆగిపోయింది సర్. పిల్లలు లేరు.”

“మరి భూములు?”

“ఎవరికో పోయాయి.”

“ఎవరికి?”

“కార్డుల్లో లేదు సర్.”

ఆ మాట నేను చెప్పానని ఇప్పటికీ ఒక్కోసారి కారు నడుపుతూ పైకి అనుకుంటాను. కార్డుల్లో లేదు సర్.

“అయితే ముప్పై ఏళ్ళూ వేరేవాళ్ళ తాతని వెతికానన్నమాట,” అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు కూడా. “మా అమ్మాయికి ఫోన్ చేద్దామనుకున్నాను ఇవాళ.”

చేయలేదు. ఆ వారంలో గరాజ్‌లో పటం గోడ దిగింది. నేను తలుపు తీసి ఉన్నప్పుడు చూశాను, మేకు ఉంది, దాని చుట్టూ తెల్లటి నలుచదరం ఉంది. ఆ చలికాలం ఆయన బయటికి రావడం తగ్గింది. గుండె బలహీనపడిందన్నారు. ఆస్పత్రికి రెండుసార్లు వెళ్ళొచ్చి, మూడోసారి వెళ్ళనన్నాడు. ఫిబ్రవరిలో హాలు మధ్యలో మంచం వేశారు. కూతురు రెడ్‌మండ్ నుంచి వచ్చి లాప్‌టాప్ వంటింటి బల్ల మీద పెట్టుకుని ఉండిపోయింది. గుండె జబ్బు నా కార్డుల వల్ల రాలేదని డాక్టర్లెవరైనా చెబుతారు. నేను ఏ డాక్టర్నీ అడగలేదు.

మార్చిలో మా అమ్మాయి స్ప్రింగ్ బ్రేక్‌కి కాలేజీ నుంచి వచ్చింది. సోమవారం మధ్యాహ్నం టేబుల్ దగ్గర కాళ్ళు చాపబోతే పెట్టె తగిలింది.

“నాన్నా, ఈ యెల్లో కార్డ్స్ ఏంటి? నైబర్ తాతవి కదా? ఎంటర్ చేయలేదా నువ్వు?”

“అవి ఆడపిల్లలవి అమ్మా. పెళ్ళయి వేరే ఇళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళు.”

“వెళ్ళిపోతే?”

“వెళ్ళిపోతే వాళ్ళ పిల్లలు ఆ ఇంటి చెట్టులో వస్తారు.”

“ఓకే. ఆ ఇంటి ట్రీ ఎవరు చేస్తున్నారు?”

నేను వంగి పెట్టెని బయటికి లాగాను.

“సో నాకు మ్యారేజ్ అయితే నన్ను ఎక్కడ పెడ్తావు?”

“టేబుల్ కింద,” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అమ్మాయి నవ్వలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కార్డులు ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టింది. నేను కూర్చుని ఎక్కించడం మొదలుపెట్టాను. పాత తెలుగులో కొమ్మ అంటే ఆడమనిషి అని కూడా అర్థం. చెట్టు గీస్తానని బయల్దేరి కొమ్మలన్నీ నరికేసి, ఒట్టి మాను చేతిలో పెట్టి, ఇదే సర్ మీ వంశం అన్న ఘనుణ్ణి నేను.

పన్నెండో పదమూడో కార్డు దగ్గర అమ్మాయి ఆగింది. “నాన్నా. లిజన్.”

భూస్వామి పెద్ద కూతురు. పత్రాల్లో పేరు లేదు, ‘నా కూతురు’ అని మాత్రమే ఉంది. పెళ్ళికి తండ్రి ఆమెకి రేవు పక్కన కొంత భూమి రాసిచ్చాడు. మన దస్తావేజుల్లో పసుపు కుంకుమల కింద ఇచ్చింది అంటారే, అలాంటిది. తోడబుట్టినవాడి కొడుకు పిల్లలు లేకుండా పోయాక మిగతా భూములు కూడా ఈమె కొడుక్కే వచ్చాయి. భూములతోపాటు అతను తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా తీసుకున్నాడు. ఆ కొడుకు ఎవరంటే, నేను వేరే కుటుంబమని పక్కన పెట్టిన రెండో వరసలో మొట్టమొదటి తెల్ల కార్డు. కార్డు చివరి వాక్యం కింద పెన్సిలుతో రెండుసార్లు గీత గీసి ఉంది.

దౌహిత్రుడు. మా నాన్నగారు ఆ మాటతో ఎన్ని దస్తావేజులు రాశారో. పక్కన కూర్చుని అద్దుడుకాగితం అద్దిన వాణ్ణి నేను.

మా ఇంటి గుమ్మం నుంచి పెద్దాయన మంచానికి నలభై అడుగులు. హద్దు దాటి గోంగూర పాదుల మధ్య నుంచి వెళితే ఇంకా తక్కువ. వెళ్ళి ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. నేను వెళ్ళలేదు. నా తప్పుని ఏదో ఒక మంచి కాగితంలో చుట్టి ఇవ్వాలనిపించింది. నాలుగడుగుల వెడల్పు, మీగడరంగు దళసరి కాగితం, పెద్ద అక్షరాలు, ఆయన అంచులతో చూసినా కనపడేలా. ప్రింటు షాపువాళ్ళు శుక్రవారానికి ఇస్తామన్నారు.

“జస్ట్ వెళ్ళి చెప్పు నాన్నా,” అంది అమ్మాయి.

“ప్రింట్ రానీ. చేతిలో పెట్టి చెప్తే బాగుంటుంది.”

“ఆయనకి కనపడదు కదా.”

“శుక్రవారం దాకా ఆగమ్మా.”

బుధవారం చారు తీసుకుని వెళ్ళాను. కూతురు తలుపు తీసి పక్కకి జరిగింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు, వాసనకి తెలుసుకున్నాడు.

“కప్పం తెచ్చావా?”

“తెచ్చాను సర్.”

రెండు చెంచాలు తాగాడు. కాసేపటికి, “ఆ భూములు ఎవరికి పోయాయో తెలిసిందా, యంగ్ మ్యాన్?” అన్నాడు. మామూలుగానే అడిగాడు, వాన పడుతోందా అని అడిగినట్టు.

నా నోట్లోనే ఉంది. కూతురు కూడా అక్కడే నిలబడి ఉంది. ఇద్దరూ ఉన్నారు, గీత రెండు చివర్లూ ఆ గదిలోనే ఉన్నాయి.

“రెండు రోజుల్లో చెప్తాను సర్,” అన్నాను.

“మంచిది,” అన్నాడు.

గురువారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే కూతురు వాళ్ళ డ్రైవ్‌వేలో నిలబడి ఉంది, చెప్పులు లేకుండా. నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. నేను కారాపి దిగాను. ఏం చేయాలో తెలియక వాళ్ళ మెయిల్‌బాక్సు తలుపు మూశాను, అది తెరిచి ఉంది.

శుక్రవారం ప్రింటు వచ్చింది. చెప్పిన టైముకే. చాలా బాగా వచ్చింది.

అంత్యక్రియలన్నీ అయ్యాక, ప్రింటు చుట్టి పెట్టిన గొట్టాన్నీ పసుపు పెట్టెనీ తీసుకుని వెళ్ళి కూతురికి అంతా చెప్పాను. తెల్ల కార్డులు, కార్డుల్లో లేదు సర్, రెండు రోజుల్లో చెప్తాను సర్, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నాలుగడుగుల పటాన్ని విప్పి కూడా చూడలేదు. ఆ ఒక్క కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చదువుకుంది.

“అమ్మ రాత,” అంది. పెన్సిలు గీత మీద వేలు పెట్టి, “ఇలా గీత గీసిందంటే ఆయనకి చెప్పే ఉంటుంది. అమ్మ ఆయనకి చాలా చెప్పేది. ఆయన వినేవాడు కాదు.”

టేబుల్ కింది పెట్టె గురించి మా ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది. ఆ విషయంలో పెద్దాయనకీ నాకూ బంధుత్వం రుజువైనట్టే, పత్రాలేమీ అక్కర్లేదు.

“నిజం చెప్పాలంటే నాకీ భూస్వామి మీద పెద్దగా ఇష్టం లేదు,” అందామె. “చిన్నప్పుడు మా నాన్న నాకంటే ఎక్కువ ఇతనితోనే ఉండేవాడు. కానీ నాన్న మొదలుపెట్టిన వంశచరిత్ర పుస్తకం పూర్తిచేయండి. ఆయన చుట్టాలందరికీ మాటిచ్చాడు. ఈ కార్డు మాత్రం నేనుంచుకుంటాను.”

అలా ఆ పుస్తకం నా చేతికొచ్చింది. పెద్దాయన చెప్పి టైపు చేయించుకున్న అధ్యాయాలు ముందే ఉన్నాయి. పటాలు, పత్రాలు, అతకని చోట అతుకు, చివర్న పేర్ల పట్టిక, ఇవి నావి. వేసవంతా వీకెండ్లలో కూర్చున్నాను. పెద్దాయన లేకుండా ఆ కాగితాలు చదువుతుంటే ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలనిపించేది. నా మీద నాకు కోపం పాతబడిపోయింది, పెద్దగా కిక్కు లేదు. పెద్దాయన మీద తెచ్చుకోలేను. మిగిలింది భూస్వామి.

ఆ కూతురి పెళ్ళికి ఇచ్చిన భూమి పత్రం మళ్ళీ చదివాను. రేవు పేరు రాయించాడు. రాయి రంగు రాయించాడు. పిండిమర నడిపేవాడి పేరు, వాడి తండ్రి పేరు రాయించాడు. సాక్షులు తొమ్మిదిమంది, అందరికీ పేర్లున్నాయి. ఎవరి కోసం ఆ పత్రమంతా రాశారో ఆ పిల్ల ‘నా కూతురు’. ఒక్క మాట రాయించి ఉంటే, ఆ పేరు పెద్దాయన కళ్ళు బాగున్న రోజుల్లో ఏదో ఒక కాగితంలో కనపడేది కదా, ఆయన దాని వెంటపడి వెళ్ళేవాడు కదా, నా దాకా వచ్చేది కాదు కదా అనుకున్నాను. ఇది న్యాయం కాదని నాకు తెలుసు. నేను చేసిన పనే ఆ భూస్వామీ చేశాడు, నాకంటే ముందు, తోలు కాగితం మీద. కానీ ఆయన తరఫున వాదించడానికి లాయరెవరూ లేరు.

పేర్ల పట్టిక కంప్యూటరే తయారుచేస్తుంది. దాన్ని పక్కన పెట్టి నేను చేత్తో చేశాను. ‘కూతురు, పెద్దది’ అని ఒక పద్దు పెట్టి, దాని కింద భూమి, రేవు, రాయి, మిరియాలు, కొడుకు, మనవలు, పక్కింటి పెద్దాయన, రెడ్‌మండ్ అమ్మాయి, పుస్తకంలో ఉన్న దాదాపు ప్రతి పేజీ అంకె వేశాను. భూస్వామి పేరు దగ్గర ఒక్క అంకె కూడా వేయలేదు. ‘కూతురు చూడుడు’ అని ఊరుకున్నాను. ఆ పేజీలన్నీ పసుపు కాగితం మీద ప్రింటు చేయించాను.

పుస్తకాలు చుట్టాలందరికీ వెళ్ళాయి. ఎక్కడో ఒహాయోలో ఉన్న ఒక కజిన్ మర్యాదగా ఈమెయిల్ రాశాడు. పుస్తకం బాగుందని, పట్టికలో మాత్రం ఏదో పొరపాటు జరిగినట్టుందని, ఇంత పెద్ద భూస్వామిని వెతుక్కోవాలంటే పేరు కూడా లేని ఒక అమ్మాయి దగ్గరికి వెళ్ళవలసి వస్తోందని.

పొరపాటు కాదండీ, అదే దారి అని జవాబు రాశాను.